గడ్డలు తీశాం, గర్భసంచి ఉంచాం: పర్లాకిమిడిలో ఒక కేసు

నా దగ్గర ఆపరేషన్ చేయించుకున్న ఒకామె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. వైద్య వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

జూన్ మధ్యలో, రజ పండుగ ముగిసిన మర్నాడు ఆమె వచ్చారు. వయసు 37. ఒడిశా-ఆంధ్ర సరిహద్దు ఊరైన పర్లాకిమిడిలో భర్తతో కలిసి ఇడ్లీ బండి నడుపుతారు. తొమ్మిదేళ్ల కూతురు ఉంది. తర్వాత వచ్చిన గర్భం మూడో నెలలో పోయింది. భూదేవి బహిష్టు అయిందని ఇరుగుపొరుగు ఒడియా ఇళ్లలో మూడు రోజులు పనులు మానుకుని ఊయలలు ఊగుతుంటే, ఈమెకు పన్నెండో రోజు కూడా రక్తస్రావం ఆగలేదు. అయినా తెల్లవారుజామున మూడింటికి లేచి పిండి గిన్నెలు మోస్తూనే ఉన్నారు. నా గదికి ఎక్కాల్సినవి ఎనిమిది మెట్లు. కూర్చున్నాక ఆయాసం తీరేదాకా ఆమె మాట్లాడలేకపోయారు.

చేతిలో ఒక స్కానింగ్ కాగితం ఉంది. సరిహద్దు అవతల ఒక ఆసుపత్రిలో గర్భసంచిలో గడ్డ ఉందని, వదిలేస్తే క్యాన్సర్‌గా మారుతుందని, వెంటనే గర్భసంచి తీసేయాలని చెప్పారట. ముందుగా కొంత డబ్బు కూడా కట్టి, ఆపరేషన్ ముందురోజు రాత్రి భయం వేసి ఆగిపోయారు. ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న గడ్డ గురించి కాదు.

"అమ్మా, మా తోడికోడలికి ముప్ఫై ఒకటో ఏట గర్భసంచి తీసేశారు. అప్పటినుంచి ఆమె మనిషిలా లేదు. నాకూ అలాగే అవుతుందా?"

ఆ రోజు ఆ ప్రశ్నకు సగం జవాబే చెప్పాను. గర్భసంచి తీసినంత మాత్రాన మనిషి అలా అయిపోదని చెప్పాను. ఆ తోడికోడలికి నిజంగా ఏమేం తీశారో అడగాలని నాకు తోచలేదు.

రక్తం లెక్క

ఎంత పోతోందని అడిగితే మా దగ్గరకు వచ్చే స్త్రీలలో చాలామంది "ఎక్కువే" అని ఆగిపోతారు. అందుకే గడ్డకట్టిన రక్తం చింతపిక్కంత ఉందా, రేగుపండంత ఉందా, నిమ్మకాయంత ఉందా అని అడుగుతాను. ఈమె నిమ్మకాయంత అన్నారు, రోజుకు రెండు మూడు సార్లు. ప్యాడ్ మీద పాతబట్ట కూడా పెట్టుకుంటున్నారు. రాత్రి రెండుసార్లు లేచి మార్చుకుంటున్నారు. రెండేళ్లుగా ఇదే వరస. మూత్రానికి గంటకోసారి వెళ్లాల్సి వస్తోంది. బండి దగ్గర నిలబడి ఉన్నప్పుడు అది పెద్ద బాధ.

హిమోగ్లోబిన్ 6.4. శరీరంలో నిల్వ ఉండే ఇనుమును చూపే ఫెరిటిన్ 5. అంటే కొట్టు ఖాళీ అయిపోయింది. ఒడిశా దక్షిణ జిల్లాల్లో రక్తహీనత కనబడితే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య లోపం) పరీక్ష చేయకుండా ముందుకు వెళ్లను. ఆ లోపం ఉన్నవారికి మత్తు, ఆక్సిజన్, నీటి శాతం అన్నీ వేరే జాగ్రత్తలు కోరతాయి. ఈమెకు లేదు. మలేరియా, థైరాయిడ్, గర్భపరీక్ష కూడా చూశాం. గర్భాశయ ముఖద్వారం పరీక్షలో దోషమేమీ లేదు.

స్కానింగ్ మళ్లీ చేయించాను. మొత్తం మూడు గడ్డలు. పెద్దది 9.2 సెంటీమీటర్లు, పీచు తీసిన చిన్న కొబ్బరికాయంత. అది గర్భసంచి వెనుక గోడలో బయటి అంచు నుంచి లోపలి పొర దాకా అడ్డంగా కూర్చుని, లోపలి ఖాళీని ఒక పక్కకు నెట్టేసింది. మిగతా రెండూ చిన్నవి, బయటి వైపువి. అంత రక్తం పోవడానికి కారణం ఆ పెద్దదే. ఫైబ్రాయిడ్లు అనే ఈ గడ్డల్లో పరిమాణం కన్నా చోటు ముఖ్యం. బయటి గోడకు వేలాడే గడ్డ నిమ్మకాయంత ఉన్నా చుక్క రక్తం పోకపోవచ్చు, లోపలి పొర కింద ఉసిరికాయంత గడ్డ మనిషిని మంచాన పడేయవచ్చు. ఏమాత్రం బాధ పెట్టని గడ్డను కేవలం స్కానింగ్‌లో కనబడిందని తీయనక్కరలేదు. నెలసరి ఆగే వయసు దాటాక చాలా గడ్డలు వాటంతట అవే కుంచించుకుపోతాయి.

క్యాన్సర్ మాటకు సూటిగా జవాబు చెప్పాలి. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండర కణాలు పెరిగి కట్టిన గడ్డ, క్యాన్సర్ కాదు. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేసిన వారిలో 350 మందిలో ఒకరికి సార్కోమా అనే క్యాన్సర్ బయటపడవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో అంచనా వేసింది. ఆ హెచ్చరిక ప్రధానంగా ల్యాప్రోస్కోపీలో (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్‌లో) గడ్డను పొట్టలోనే ముక్కలు చేసి లాగే యంత్రం గురించి. ముప్ఫైల్లో ఉన్న స్త్రీకి ఆ ప్రమాదం ఇంకా తక్కువ. తీసిన ప్రతి గడ్డనూ పరీక్షకు పంపించేది అందుకే. "క్యాన్సర్ అవుతుంది" అనే ఒక్క ముక్కతో గర్భసంచి తీయించడం మాత్రం అన్యాయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతమైతే, పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. అనవసరంగా గర్భసంచి తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది కూడా. ఈ అంకెల వెనుక ఉన్న మనుషులు వారానికి ఇద్దరు ముగ్గురు నా ముందు కూర్చుంటారు.

ఏ దారి

ఆమె ముందు ఉన్న దారులన్నీ చెప్పాను. రక్తం తగ్గించే మాత్రలు తాత్కాలికం. గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరం ఇంత వంకర తిరిగిన లోపలి గదిలో నిలవదు. గడ్డకు రక్తం వెళ్లే నాళాలను మూసే చికిత్సకు పెద్ద నగరానికి వెళ్లాలి, పైగా ఇంకా పిల్లలు కావాలనుకునే వారికి సాధారణంగా దాన్ని సూచించం. గడ్డ లోపలి గదిలోకే వేలాడుతూ ఉంటే కింది నుంచి దుర్భిణి పెట్టి తీయవచ్చు, కోత ఉండదు. ఈమె గడ్డ అలాంటిది కాదు. ఇక మిగిలినవి రెండు: గర్భసంచి తీసేయడం, లేదా గడ్డలు మాత్రమే తీసి గర్భసంచిని కుట్టడం.

నా అభిప్రాయం దాచలేదు. గర్భసంచి తీస్తే గడ్డలు మళ్లీ రావు, ఒక్కసారితో అయిపోతుంది. గడ్డలు మాత్రమే తీస్తే కొన్నేళ్లకు కొత్తవి పుట్టవచ్చు, ఆపరేషన్‌లో రక్తస్రావం కూడా ఎక్కువ కావచ్చు. ఆమెకు ఇంకో బిడ్డ కావాలన్న ఆశ ఉంది. అది లేకపోయినా గర్భసంచి ఉంచుకోవాలన్న కోరిక ఒక్కటే చాలు కారణంగా. ఆ కోరికకు సంజాయిషీ చెప్పమని ఏ స్త్రీనీ అడగకూడదని నా నమ్మకం. భర్త ఒక్కటే అడిగారు, "ప్రాణానికి ఏమీ కాదు కదా?" ముందు రక్తం పెంచుకుంటే ప్రమాదం చాలా తగ్గుతుందని చెప్పాను.

ల్యాప్రోస్కోపీ కోసం విశాఖపట్నం వెళ్లవచ్చని కూడా చెప్పాను. కోత చిన్నది, త్వరగా కోలుకుంటారు. కూతురి బడి, బండి, అక్కడ ఎవరింట్లో ఉండాలి, ఆరోగ్య బీమా కార్డు చెల్లుతుందా లేదా అన్నీ ఆలోచించుకుని ఇక్కడే కోతతో చేయించుకుంటామన్నారు. వెనుక గోడలో అంత లోతుగా ఉన్న గడ్డ తీశాక గోడను పొరలు పొరలుగా గట్టిగా కుట్టాలి. ఆ పని చేత్తో చేయడమే నాకు అలవాటు.

నేను చెప్పకుండా వదిలేసిన మాట

ఆపరేషన్ ఆగస్టు చివరికి పెట్టుకున్నాం. 6.4 హిమోగ్లోబిన్‌తో బల్ల మీద పడుకోబెట్టడం జూదం. బరువు 52 కిలోలు, లోటు లెక్క వేస్తే దాదాపు 1,500 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మాత్రలతో అది నెలల తరబడి సాగే పని. సెలైన్‌లో కలిపి మొదట 1,000, వారం తర్వాత 500 మిల్లీగ్రాములు ఎక్కించాం. ఈలోగా రక్తం పోకుండా ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చాం. గడ్డ కుంచించుకోవడానికి ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్లు నెలకొకటి చొప్పున రెండు ఇవ్వాలనుకున్నాం.

మొదటి ఇంజెక్షన్ తర్వాత వారం పది రోజులు రక్తం ఇంకాస్త ఎక్కువ కావచ్చని, తర్వాత నెలసరి ఆగుతుందని చెప్పాను. అదే జరిగింది. రథయాత్ర వ్యాపారం ఏ ఇబ్బందీ లేకుండా చేసుకున్నారు. కానీ రెండో ఇంజెక్షన్‌కు రావాల్సిన రోజున ఆమె రాలేదు. మూడు రోజుల తర్వాత భర్త ఒక్కరే వచ్చి తలవంచుకుని కూర్చున్నారు. "రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు వస్తున్నాయట. చీర తడిసిపోయేంత చెమట పడుతోంది. నిద్ర లేదు. ఆపరేషన్ కాకముందే నన్ను తోడికోడలిలా చేసేశారని ఏడుస్తోంది."

ఆ ఇంజెక్షన్ అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపుతుంది. అందుకే నెలసరి ఆగుతుంది, గడ్డ తగ్గుతుంది, ఒంట్లో ఆవిర్లు పుడతాయి. రోజుకు పదిమందికి చెప్పి చెప్పి, ఈమెకు కూడా చెప్పేశాననే అనుకున్నాను. చెప్పలేదు. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి కూర్చుని చెప్పాను. మందు ప్రభావం తగ్గాక అండాశయాలు మళ్లీ పనిచేస్తాయని, ఈ ఆవిర్లు పోతాయని, ఒళ్లు ఏదీ కోల్పోలేదని చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించి అడిగిన ప్రశ్న నన్ను కదిలించింది. "అయితే మా తోడికోడలికి అండాశయాలు పనిచేయడం లేదా అమ్మా?"

ఆమెను ఒకసారి తీసుకురమ్మన్నాను.

రెండో ఇంజెక్షన్ తీసుకున్నారు. ఆగస్టు మూడో వారానికి హిమోగ్లోబిన్ 11.2. పెద్ద గడ్డ 7.6 సెంటీమీటర్లకు దిగింది. అడ్డకొలతలో తేడా కొద్దిగానే కనిపించినా గుండ్రటి వస్తువు ఘనపరిమాణంలో అది నలభై శాతానికి పైగా తగ్గుదల. ఈ ఇంజెక్షన్‌తో ఒక చిక్కూ ఉంది. గడ్డ మెత్తబడి, చుట్టూ ఉండే పొర స్పష్టంగా విడిపోదు. బుల్లి గడ్డలు చేతికి తగలకుండా దాక్కుంటాయి కూడా.

సంతకానికి ముందు

మా అంగీకార పత్రం ఒడియాలో, ఇంగ్లీషులో ఉంటుంది. ఆమె తెలుగు మాత్రమే చదవగలరు. రాత్రి డ్యూటీ నర్సులకు తెలుగు అంతంతమాత్రం. సరిహద్దు ఊళ్లలో ఇది రోజూ ఉండే సంగతే. అందుకే ఒక కాగితం మీద జామకాయంత గర్భసంచి, రెండు పక్కలా అండాశయాలు, గోడలో గడ్డ బొమ్మ వేసి, మొత్తం చెప్పాక, తిరిగి నాకు చెప్పమంటాను. ఆమె చెప్పింది ఇది: "కడుపు కింద అడ్డంగా కోస్తారు. గడ్డలు తీస్తారు, సంచి ఉంచుతారు. రక్తం ఆగక ప్రాణం మీదకు వస్తేనే సంచి తీస్తారు. అండాశయాల జోలికి వెళ్లరు. తర్వాత గర్భం వస్తే నొప్పులు రానివ్వకుండా ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు." ఆ వాక్యాలనే తెలుగులో రాసి, దాని కింద సంతకం తీసుకున్నాను. గడ్డలు తీసేటప్పుడు గర్భసంచి తీయాల్సి రావడం చాలా అరుదు. అరుదని చెప్పకుండా వదిలేస్తే, లేచాక తెలిసే అన్యాయం అంతా ఇంతా కాదు.

రెండు సీసాల రక్తం సిద్ధంగా పెట్టుకున్నాం. బంధువులు రక్తం ఇవ్వడానికి వెనకాడితే, భర్త, ఆయన తమ్ముడు ఇచ్చారు.

ఆపరేషన్

గంటా యాభై నిమిషాలు పట్టింది. వెన్నులో మత్తు ఇచ్చాం. సిజేరియన్‌కు కోసే చోటే అడ్డంగా కోశాం. గర్భసంచి కింది భాగం చుట్టూ రబ్బరు గొట్టం బిగించి కట్టి, గడ్డ మీది గోడలోకి వాసోప్రెసిన్ పలుచగా కలిపి ఎక్కించాం. రెండూ రక్తస్రావం తగ్గించడానికే. వెనుక గోడ గడ్డ అనుకున్నట్టే పొరకు అతుక్కుని ఉంది. తీసేటప్పుడు లోపలి గది ఒక సెంటీమీటరు మేర తెరుచుకుంది. దాన్ని విడిగా కుట్టి, పైన మూడు పొరల్లో గోడను మూశాం. పోయిన రక్తం దాదాపు 450 మిల్లీలీటర్లు. సిద్ధం చేసిన రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. జూన్‌లోనే చేసి ఉంటే అదే 450 మిల్లీలీటర్లు ఎంత పని చేసి ఉండేవో తలచుకుంటే ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది.

తర్వాతి రోజులు

మొదటి సాయంత్రం ఆరింటికి నీళ్లు, పలుచటి జావ. మర్నాడు ఉదయం మూత్రపు గొట్టం తీసి, నర్సు చేయి పట్టుకుని నడిపించాం. మొదటి నాలుగు అడుగులు కోత చీలిపోతున్నట్టే ఉంటాయని, చీలదని ముందే చెప్పి ఉంచాను. ఎడమ చేత్తో దిండు కోత మీద అదిమి పట్టుకుంటే దగ్గు వచ్చినా, నవ్వు వచ్చినా ఓర్చుకోవచ్చు. రెండో రాత్రి 38.3 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చింది. గడ్డలు తీసిన మొదటి రెండు రోజుల్లో ఇలా చాలామందికి వస్తుంది, ఇన్ఫెక్షన్ లేకుండానే. పరీక్ష చేసి చూశాం, కోత పొడిగా ఉంది, మూత్రంలో దోషం లేదు. మూడో రోజుకు జ్వరం తగ్గిపోయింది. ఆ రాత్రి ఇంటి వాళ్లు ఎవరూ కంగారుపడలేదు, ఎందుకంటే వాళ్లకు ముందే తెలుసు. ఆవిర్ల విషయంలో నేర్చుకున్న పాఠం ఇది.

అసలు గొడవ భోజనం దగ్గర వచ్చింది. పప్పు తింటే చీము పడుతుందని, నీళ్లు ఎక్కువ తాగితే కడుపు పెరుగుతుందని అత్తగారు కారంపొడి అన్నమే పెట్టారు. ఆవిడ ప్రేమతోనే చేశారు, వాళ్ల పురుళ్లన్నీ అలాగే సాగాయి. కుట్టిన కండ మానాలంటే పప్పు, గుడ్డు, చేప అందాలి. నీళ్లు తగ్గితే మలబద్ధకం. ముక్కితే కోత నొప్పి, ఇనుము మాత్రలతో అది మరీ ఎక్కువ. ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, "పెద్దమ్మగారూ, గోడ కట్టేవాడికి ఇసుక, సున్నం ఇవ్వకుండా కట్టమంటామా?" ఐదో పూట నుంచి పెసరపప్పు వచ్చింది.

నాలుగో రోజు ఇంటికి పంపాం. రెండు మూడు వారాలు కాస్త ఎర్రగా, తర్వాత గోధుమరంగులో స్రావం ఉంటుంది. కోత పైన చర్మం కొన్ని నెలలు మొద్దుబారినట్టు ఉంటుంది. మధ్యాహ్నానికే సోలిపోయేంత నీరసం నెలపాటు మామూలే. దీన్ని చాలామంది బద్ధకమని తిట్టుకుంటారు, అది ఒళ్లు మానే శ్రమ. ఆరు వారాలు పిండి గిన్నె, నీళ్ల బిందె ఎత్తవద్దన్నాను. దాంపత్యానికీ అదే గడువు. గంటకో ప్యాడ్ తడిసినా, దుర్వాసన ఉన్నా, వణుకుతో జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పుట్టినా, ఊపిరి అందకపోయినా అర్ధరాత్రైనా రావాలని భర్తకు చెప్పాను. పిక్క నొప్పి వింతగా తోచింది ఆయనకు. కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం, అందుకే తొందరగా నడిపించేదని వివరించాను.

పదో రోజున పరీక్ష ఫలితం వచ్చింది. మూడూ మామూలు ఫైబ్రాయిడ్లే. ఆ మాట చెప్పగానే భర్త గోడకు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకున్నారు. జూన్ నుంచి ఆయన ఆ భయాన్ని ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పలేదు.

రెండు నెలలకు నెలసరి తిరిగి వచ్చింది. ఐదు రోజులు, రోజుకు మూడు ప్యాడ్లు. ఆవిర్లు అంతకుముందే పోయాయి. గర్భం కోసం కనీసం ఆరు నెలలు ఆగమన్నాను. ఈ వయసులో అవకాశం కొంత తక్కువేనని, గడ్డలు తీసినంత మాత్రాన బిడ్డ ఖాయం కాదని కూడా చెప్పాను.

పదకొండు నెలల తర్వాత

హిమోగ్లోబిన్ 12.6. ఇప్పటిదాకా గర్భం రాలేదు. స్కానింగ్‌లో గోడ బాగా మానింది. ముందు గోడలో 1.5 సెంటీమీటర్ల కొత్త గడ్డ ఒకటి కనబడింది. బహుశా ఆపరేషన్ నాడు నా వేళ్లకు అందకుండా దాక్కున్నదే అయి ఉండాలి. ఏ బాధా లేదు కాబట్టి ఏడాదికోసారి చూస్తే చాలు. ముందే చెప్పి ఉంచినందువల్ల ఆమె ఉలిక్కిపడలేదు.

ఆ రోజు తోడికోడలిని వెంట తెచ్చారు. ఆమెకు 36 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, నిద్రలేమి, ఐదేళ్లుగా ఆవిర్లు. రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో దాచుకున్న పాత డిశ్చార్జి కాగితం ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. రెండో వరుసలో గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసినట్టు పొడి అక్షరాల్లో రాసి ఉంది. అండాశయాల్లో జబ్బు ఉందని ఎక్కడా లేదు. ఐదేళ్లుగా ఆమెకు ఆ సంగతి తెలియదు. చెప్పాను. తోడికోడళ్లిద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

ఆ వయసులో అండాశయాలు పోయినవారికి, అభ్యంతరాలేవీ లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు దాకా, అంటే సుమారు యాభై ఏళ్ల వరకు, ఈస్ట్రోజెన్ ఇవ్వాలి. అది ఎముకలకూ గుండెకూ రక్ష. రక్తపోటు, రొమ్ములు పరీక్షించి మందు మొదలుపెట్టాను. కాల్షియం, విటమిన్ డి రాశాను. ఎముకల సాంద్రత పరీక్షకు విశాఖపట్నం పంపాను. లేచి వెళ్లబోతూ ఆమె ఆ పాత కాగితాన్ని నా ముందు పెట్టి, "ఇందులో ఏముందో తెలుగులో రాసివ్వండి డాక్టరమ్మా" అన్నారు. కాగితం వెనుక వైపున, ఏమేం తీశారో, ఏ తేదీన తీశారో తెలుగులో రాసిచ్చాను.